టార్చిలైటుతో మేడ మీంచి మేడకి కబురు పంపడం ఎలా? యమాతారాజభానసలగం వస్తే సగం వచ్చేసినట్టే

విజయవాడ సింగ్ నగర్‌లో మా పెద్దమ్మ వాళ్ళు ఉంటారు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు కింద వాటా మునిగిపోయి రెండు రోజులు మేడ మీదే ఉన్నారు, ఇంట్లో ఫోన్లన్నీ చార్జింగ్ అయిపోయి ఒక్కటి మిగిలితే రాత్రిపూట దాని టార్చి వేసి ఊపారంట. దూరంగా ఇంకో మేడ మీంచి ఎవరో వాళ్ళూ తిరిగి ఊపారంట. అంతే. వెలుగు ఇటు నుంచి అటు వెళ్ళింది, అటు నుంచి ఇటు వచ్చింది, కబురు మాత్రం వెళ్ళలేదు. మంచినీళ్ళు లేవనా, షుగరు మాత్రలు అయిపోయాయనా, మేం బానే ఉన్నాం మీరెలా ఉన్నారనా, ఏదైనా అదే ఊపుడు కదా.

ఆ మాట విన్నప్పట్నుంచి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఈ ఎండాకాలం సెలవుల్లో మా వాడు పండు, మా అన్నయ్య కూతురు హారిక పొద్దస్తమానం ఫోన్లు పట్టుకుని కూర్చుంటుంటే లాక్కుని చెరో టార్చిలైటు చేతిలో పెట్టా. పండు ఆరో క్లాసు, హారిక తొమ్మిది. మాది సత్యనారాయణపురం, అన్నయ్య వాళ్ళిల్లు రెండు వీధులవతల, మా మేడెక్కితే వాళ్ళ నీలం నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. పది రోజుల్లో వీళ్ళేం నేర్చుకున్నారో, ఎక్కడ తన్నుకున్నారో, నాకేం తెలిసొచ్చిందో రాస్తున్నా, మీ ఇంట్లో కూడా చేసుకోవచ్చు. పిల్లలూ, ఇది మీకోసమే, పెద్దవాళ్ళు పక్కనుండి చదివితే ఇంకా మంచిది.

ముందు కావాల్సిన సామాను. రెండు టార్చిలైట్లు, రెండు నోటు పుస్తకాలు, పెన్సిళ్ళు, ఒక అట్టముక్క, దోమల బత్తి. దోమల బత్తి జోకు కాదు, రెండో రోజుకే అర్థమైంది మాకు. ఫోన్ టార్చి వద్దు, అది వేసి తీసేసరికి ఆలస్యం అవుతుంది, ఒకసారి నొక్కితే వెలుగుతుంది ఒకసారి వెలగదు. ఫోన్ తప్ప ఇంకేం లేకపోతే టార్చి ఆన్‌లోనే ఉంచేసి దాని ముందు అట్టముక్క అడ్డం పెట్టి తీయండి, ఇదైతే చాలా బాగా పనిచేస్తుంది, ఓడల మీద సిగ్నల్ లైట్లు కూడా ఇంతే, దీపం వెలుగుతూనే ఉంటుంది, ముందున్న రేకులు తెరుచుకుంటాయి మూసుకుంటాయి. ఇంకో మాట, పిట్టగోడ మీద కూర్చోవద్దు, లైటు ఎవరి కళ్ళల్లోకీ రోడ్డు మీద బండ్లవైపూ కొట్టొద్దు, రైలు పట్టాల వైపు అసలే వద్దు. ఈ ఊళ్ళో రైలు కనపడని మేడ తక్కువ, ఎర్ర లైటు ఊపితే అది ఆట అవ్వదు.

మొదటి రోజు చేయాల్సింది లైటు వేయడం కాదు, కూర్చుని మాట్లాడుకోవడం. కోడ్ అంటే పిల్లలకి రహస్యం అనిపిస్తుంది, ఎవరికీ తెలియకుండా పంపేదని. కాదు. కోడ్ అంటే ముందే చేసుకున్న ఒప్పందం. మనూళ్ళో వానాకాలం టీవీలో వింటాం చూడండి, ప్రకాశం బ్యారేజి దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక అని. ఆ మాట వెనకాల ఒక లెక్కుంది, బ్యారేజి దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటిది, 5.69 లక్షలకి చేరితే రెండోది. కృష్ణలంకలో ఉన్నాయనకి క్యూసెక్కు అంటే ఏంటో తెలియక్కర్లేదు, రెండోది అన్నారంటే సామాను సర్దుకోవాలని తెలిస్తే చాలు. పెద్ద సంగతి మొత్తం ఒక్క అంకెలో పట్టేసింది, ఎందుకంటే ఆ అంకెకి అర్థం వాన రాకముందే అనుకున్నారు. వరద వచ్చాక మేడెక్కి టార్చి ఊపుతూ అర్థం పెట్టుకుందామంటే కుదరదు.

మావాళ్ళు మొదటి రోజు పెట్టుకున్న ఒప్పందం చాలా చిన్నది. ఒక మెరుపు అంటే అవును, రెండంటే కాదు, మూడంటే కిందకి రా, గుండ్రంగా తిప్పితే అర్థం కాలేదు మళ్ళీ చెప్పు. అరగంట బానే ఆడుకున్నారు, తర్వాత పండుకి విసుగొచ్చింది, "అమ్మా, నాకు వాళ్ళింట్లో ఉన్న బ్యాటు కావాలని ఎలా చెప్పాలి?" అన్నాడు. అవును మరి, ఒక్కో మాటకి ఒక్కో అంకె పెట్టుకుంటూ పోతే ఎన్నని గుర్తుంటాయి? అప్పుడే అక్షరాలు కావాల్సొస్తాయి.

ఇక్కడ మన తెలుగు పిల్లలకి ఒక అదృష్టం ఉంది. రెండువేల ఏళ్ళకి పైగా కిందట పోలిబియస్ అని ఒక గ్రీకు చరిత్రకారుడు రాసి పెట్టాడు, అక్షరాలన్నీ ఐదేసి చొప్పున వరసలుగా రాసుకో, ఎడమవైపు ఎన్ని కాగడాలు ఎత్తావో అది వరస, కుడివైపు ఎన్నెత్తావో అది ఆ వరసలో ఎన్నో అక్షరం అని. గ్రీకువాళ్ళు ఆ పలక తయారుచేసుకోవాల్సొచ్చింది. మనకి పలక మీద దిద్దించేదే అది! కఖగఘఙ ఒకటో వరస, చఛజఝఞ రెండు, టఠడఢణ మూడు, తథదధన నాలుగు, పఫబభమ ఐదు. ఆరో వరస యరలవశ, ఏడు షసహళ. అచ్చులకి ఎనిమిదో వరస పెట్టుకోండి, గుణింతాలు ఒత్తులు మొదట్లో వదిలేయండి, అవతలివాళ్ళు ఊహించుకుంటారు.

పడవ అని పంపాలనుకోండి. ప ఐదో వరసలో ఒకటోది, ఐదు మెరుపులు, కాస్త ఆగి ఒక మెరుపు. డ మూడో వరసలో మూడోది, మూడు ఆగి మూడు. వ ఆరులో నాలుగోది, ఆరు ఆగి నాలుగు. మొత్తం 22 మెరుపులు. హారిక అటు మేడ మీద లెక్కపెట్టి పుస్తకంలో 51 33 64 అని రాసుకుని పడవ అని అరిచింది, రెండు వీధులకీ వినపడింది, ఆ అరిచేదేదో ముందే అరిస్తే అయిపోయేది కదా అని కింద మా ఆయన.

రెండ్రోజులయ్యాక హారికే ఒక లోపం పట్టుకుంది, నాకు తట్టనేలేదు. "అత్తా, న కి నాలుగు ప్లస్ ఐదు, తొమ్మిదిసార్లు కొట్టాలి, న లేకుండా ఒక్క మాట లేదు. ఙ కి ఆరు చాలు, అసలు ఙ ఎవరు వాడతారు?" అంది. నిజమే కదా! ఎక్కువ వాడేదానికి ఎక్కువ ఖర్చు, ఎవరూ వాడనిదానికి తక్కువ ఖర్చు, ఇదేం బేరం. న ని తీసుకెళ్ళి ఒకటో వరస ఒకటో గడిలో పెడదామంది. పెట్టొచ్చు, కానీ అప్పుడు వర్ణమాల వరస పోతుంది, కొత్త పట్టిక బట్టీ పట్టాలి. తేలిగ్గా గుర్తుండాలా, తొందరగా పంపాలా, ఏదో ఒకటి కొంత వదులుకోవాలి. ఏ కోడ్ తయారుచేసినవాళ్ళకైనా ఈ తగువే వచ్చింది, ఈ పిల్ల దానంతటది అక్కడికి చేరినందుకు నాకు భలే సంతోషమేసింది, పైకి చెప్పలేదనుకోండి.

అమెరికాలో శామ్యూల్ మోర్స్, ఆల్‌ఫ్రెడ్ వెయిల్ అని ఇద్దరు తీగమీద కరెంటుతో కబుర్లు పంపే పని మొదలుపెట్టినప్పుడు వెయిల్ ఒక ప్రింటింగ్ ప్రెస్సుకి వెళ్ళి ఏ అక్షరం అచ్చుదిమ్మెలు ఎక్కువ పెట్టుకున్నారో చూసి ఇంగ్లీషులో ఏది ఎక్కువ వాడతారో లెక్కేశాడని చెప్తారు. ఈ అనే అక్షరం అన్నిటికంటే ఎక్కువ, అందుకే దానికి ఒక్క చుక్క. టీ కి ఒక్క గీత. ఎప్పుడో ఒకసారి వచ్చే క్యూ కి ఇప్పటి కోడ్‌లో గీత గీత చుక్క గీత. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కి ఆ తీగ మీద కబురు పంపారు, అదే మోర్స్ కోడ్. తర్వాత యూరప్‌లో కొన్ని అక్షరాలు మార్చారు, ఇప్పుడు ప్రపంచమంతా వాడేది ఆ మార్చినదే.

మోర్స్ నేర్పిద్దామని 26 అక్షరాలూ పేపరు మీద రాసి గోడకి అంటించా. పండు నాలుగు నేర్చుకుని ఆరు మర్చిపోయాడు. ఇక మానేద్దాం అనుకుంటుంటే ఒకరోజు హారిక తెలుగు హోంవర్కు చేస్తూ యమాతారాజభానసలగం అని గొణుక్కుంటోంది, నేను పక్కన కూరగాయలు తరుగుతున్నా. లఘువు గురువు గురువు, గురువు గురువు గురువు అని వినపడుతుంటే కత్తి పక్కన పెట్టేశా. లఘువంటే పొట్టిది, గురువంటే పొడుగుది. చుక్క, గీత! ఇదే కదా అది.

ఛందస్సు రాని చిన్నపిల్లల కోసం ఒక్క ముక్క చెప్తా. యమాతారాజభానసలగం అనేది ఒక మంత్రం లాంటిది, అందులో ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి వరసగా మూడు అక్షరాలు చదివినా ఆ పేరున్న గణం, అంటే పొట్టి పొడుగుల గుంపు, వస్తుంది. య దగ్గర మొదలుపెడితే య మా తా, పొట్టి పొడుగు పొడుగు, అది యగణం. మా దగ్గరైతే మా తా రా, మూడూ పొడుగే, మగణం. ఇలా మొత్తం ఎనిమిది గణాలు. పొట్టిదానికి చుక్క పొడుగుదానికి గీత పెట్టి చూడండి, ఇంగ్లీషులో మూడు గుర్తులతో ఉన్న అక్షరాలు కూడా సరిగ్గా ఎనిమిదే:

య • — — డబ్ల్యూ
మ — — — ఓ
త — — • జీ
ర — • — కే
జ • — • ఆర్
భ — • • డీ
న • • • ఎస్
స • • — యూ

రెండేసి గుర్తులవి నాలుగు. లగం అంటే చుక్క గీత, అది ఏ. గలం అంటే గీత చుక్క, ఎన్. గగం ఎమ్, లలం ఐ. ఒంటరి లఘువు ఈ, ఒంటరి గురువు టీ. ఇప్పటికి 14 వచ్చేశాయి, గోడ మీద పేపరు చూడకుండానే. ఇంకా ఉంది, పద్యాల్లో ఇంద్ర గణాలు చదువుతారు కదా, వాటిలో నలము నాలుగు చుక్కలు, అది హెచ్. నగము మూడు చుక్కలు ఒక గీత, వీ. సలము చుక్క చుక్క గీత చుక్క, ఎఫ్. మిగిలింది తొమ్మిది, అవి కూడా ఒక గణానికి వెనక ఒక లఘువో గురువో తగిలించినవే. పీ అంటే య వెనక లఘువు, జే అంటే య వెనక గురువు. ఎల్ అంటే జ కి లఘువు. బీ అంటే భ కి లఘువు, ఎక్స్ అంటే భ కి గురువు. సీ, వై రెండూ ర గణానివి, సీ కి లఘువు, వై కి గురువు. జెడ్, క్యూ రెండూ త గణానివి, మళ్ళీ అదే లెక్క. అయిపోయింది, 26 అయ్యాయి.

హారికకి మధ్యాహ్నానికి మొత్తం వచ్చేసింది. పండుకి ఛందస్సు రాదు కాబట్టి వాడు రివర్సులో వెళ్ళాడు, మోర్స్ ద్వారా గణాలు నేర్చుకున్నాడు, తొమ్మిదో క్లాసుకి వెళ్ళేసరికి వాళ్ళ తెలుగు టీచరు ఏమంటారో చూడాలి. ఒక్క తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి, ఛందస్సులో గురువుకి రెండు మాత్రలు, అంటే లఘువుకి రెండింతల సేపు, మోర్స్‌లో గీత మూడు చుక్కలంత పొడుగు ఉండాలి. రెండే ఉంచితే దూరంనుంచి చూసేవాళ్ళకి పొట్టో పొడుగో తెలియక తన్నుకుంటారు. మావాళ్ళు తన్నుకున్నారు.

ఎస్ఓఎస్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. న మ న. అంతే, కానీ మధ్యలో ఆగకుండా తొమ్మిదీ ఒకే ఊపులో. దానికి మన ప్రాణాలు కాపాడండి అనే ఇంగ్లీషు వాక్యం ఉందని చాలామంది చెప్తారు, ఆ అర్థం తర్వాత తగిలించుకున్నది. 1906లో బెర్లిన్‌లో దేశాలన్నీ కలిసి కూర్చుని ఆపదకి ఒక గుర్తు ఎంచుకున్నప్పుడు అక్షరాల అర్థం చూసుకోలేదు, ఎంత గోలలో ఉన్నా చెవికి పట్టుకునేలా ఉందా లేదా అన్నదే చూశారు. 1912లో టైటానిక్ మునిగేటప్పుడు దాన్లోంచి పాత ఆపద గుర్తుతో పాటు ఈ కొత్తది కూడా పంపారు. పిల్లలూ, ఇది మాత్రం సరదాకి కొట్టొద్దు. ఇంట్లో టేబుల్ మీద చెంచాతో ప్రాక్టీసు చేసుకోండి, మేడ మీద వద్దు.

ఇప్పుడు ఖాళీల గురించి, అన్నిటికంటే ముఖ్యం ఇదే, ఎవరూ సరిగ్గా చెప్పరు. నాలుగో రోజు రాత్రి పండు ఇటునుంచి అన్న అని పంపాడు, ఇంగ్లీషు అక్షరాల్లో ఏ ఎన్ ఎన్ ఏ. అటు హారిక తమ్ముడు, అదే మా చిన్నోడు, పుస్తకంలో రాసుకుని పీ ఎక్స్ అని చెప్పాడు. పీ ఎక్స్ ఏంట్రా అని వీడు, నువ్వు కొట్టిందే కదా అని వాడు, ఫోన్లో అరుచుకోవడం. చూస్తే ఇద్దరిదీ కరెక్టే. ఏ అంటే • — , ఎన్ అంటే — • , మళ్ళీ ఎన్ — • , మళ్ళీ ఏ • — . పండు తొందరలో అక్షరానికి అక్షరానికి మధ్య ఆగకుండా కొట్టేశాడు, అప్పుడది ఇలా అయ్యింది:

• — — • — • • —

దీన్ని నాలుగేసి చొప్పున విడగొట్టండి. • — — • పీ. — • • — ఎక్స్. ఒక్క చుక్క తప్పు కొట్టలేదు, ఒక్క గీత తప్పు చదవలేదు, మాట మాత్రం మారిపోయింది. అంటే చీకటి కూడా కోడ్‌లో భాగమే. రూలు ఏంటంటే ఒక చుక్క ఎంతసేపో దాన్ని ఒకటి అనుకోండి, ఒకే అక్షరంలో చుక్కకీ గీతకీ మధ్య ఒకటంత చీకటి, అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడంత, మాటకీ మాటకీ మధ్య ఏడంత. పిల్లలకి లోపల లెక్కపెట్టుకోవడం రాకపోతే మాటల మధ్య నెమ్మదిగా రామ రామ రామ అనుకోమనండి, మా చిన్నోడు చికెన్ బిర్యానీ చికెన్ బిర్యానీ అనుకుంటాడు, అదీ బానే పనిచేస్తోంది. మొదట్లో నెమ్మదిగా, చుక్క అర సెకను పెట్టుకోండి. తొందరగా కొట్టేవాడు గొప్పోడు కాదు, అవతలివాడు రాసుకోగలిగినంత వేగంలో కొట్టేవాడే గొప్పోడు.

మా పక్కింట్లో ఒక తాతయ్య ఉన్నారు, రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. రోజూ ఈ గొడవ చూసి ఒకరోజు ఆయనే మేడెక్కి వచ్చారు. "అమ్మాయ్, నువ్వు పంపుతున్నావు సరే, అందిందని వాడు చెప్పాడా?" అన్నారు. లేదన్నా. "మరి ఎలా తెలిసింది నీకు?" రైల్వేలో పక్కపక్క స్టేషన్ మాస్టర్లు గంటలతో మాట్లాడుకునే పద్ధతి ఉందట, ఇక్కడ ఎన్ని దెబ్బలు కొడితే అటువైపు నుంచి అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి, అప్పుడే అందినట్టు లెక్క. తిరిగి రాలేదంటే అందనట్టే, ఊహించుకోవడాలు లేవు. ఆ రోజునుంచి మావాళ్ళు ఒక్కో మాట అయ్యాక ఆగుతారు, అవతలివాళ్ళు లాంగ్ లైటు ఒకటి వేస్తే అందినట్టు, గుండ్రంగా తిప్పితే మళ్ళీ. పనులు సగం వేగంతో జరుగుతున్నాయి గానీ తగువులు పావు వంతుకి పడిపోయాయి.

ఆయనే ఇంకోటి చెప్పారు, నాకది చాలా నచ్చింది. రైలు సిగ్నల్లో ఒక పసుపు లైటు ఉంటే వచ్చే సిగ్నల్ దగ్గర ఆగడానికి రెడీగా రా అని, రెండు పసుపు లైట్లుంటే వచ్చేదాన్ని వేగం తగ్గించి దాటడానికి రెడీగా రా అని. ఒకటి ఎక్కువ జాగ్రత్త, రెండు కాస్త తక్కువ జాగ్రత్త. ఎందుకలా తిరగేసి పెట్టారు తాతయ్యా అని పండు అడిగాడు. "రెండిట్లో ఒక బల్బు మాడిపోయిందనుకో, డ్రైవరుకి ఏం కనిపిస్తుంది?" అన్నారు. ఒకటే కనిపిస్తుంది, ఇంకా ఎక్కువ జాగ్రత్త పడతాడు. తప్పు జరిగినా మంచివైపుకే జరిగేట్టు. అసలు ఏ లైటూ వెలగకపోతే? ఎర్ర లైటు ఉన్నట్టే లెక్క, ఆగాల్సిందే.

ఇది విన్నాక నాకు చిన్నప్పుడు రేడియోలో విన్న తుఫాను హెచ్చరికలు గుర్తొచ్చాయి. మచిలీపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, నిజాంపట్నంలో ఐదో నంబరు, అలా చదివేవాళ్ళు, ఎగరేయడమేంటో అప్పుడు తెలిసేది కాదు. నిజంగానే ఎగరేస్తారు, పగలైతే స్తంభానికి నల్లటి గొట్టం, శంకువు లాంటి బుట్టలు, రాత్రైతే ఎర్ర తెల్ల దీపాలు, చేపలకెళ్ళిన పడవలకి దూరం నుంచి కనిపించేట్టు. మొత్తం 11 నంబర్లు. ఒకటి అంటే ఎక్కడో దూరంగా సముద్రంలో వాయుగుండం ఉందని, రెండు అంటే అది తుఫాను అయ్యిందని, మూడు నాలుగు ఇక ఈ రేవుకే గాలులు రావచ్చని, ఐదు నుంచి ఏడు ప్రమాదం, ఎనిమిది నుంచి పది పెను ప్రమాదం, తుఫాను రేవుకి ఎటు పక్కనుంచి పోతుందన్నదాన్ని బట్టి నంబరు మారుతుంది. 11 ఏంటో తెలుసా? తుఫాను హెచ్చరికల కేంద్రంతో మాకు సంబంధాలు తెగిపోయాయి, ఏ కబురూ రావట్లేదు, ఇక్కడి ఆఫీసరు చూపులో మాత్రం వాతావరణం బాగోలేదు అని. కబురు లేదన్నదానికి కూడా ఒక గుర్తు పెట్టారు! సింగ్ నగర్ మేడ మీద మా పెద్దమ్మకి కావాల్సింది అదేనేమో అనిపించింది. మావాళ్ళతో కూడా ఒక రూలు పెట్టించా, రాత్రి ఎనిమిదికి అటునుంచి లైటు రాకపోతే ఆడుకోవట్లేదు అని కాదు, ఏమైందో కనుక్కోండి అని.

దూరం పెంచడం ఎలా అన్నది చివర్లో చేశాం. అన్నయ్య వాళ్ళ ట్యాంకు అవతల ఏడంతస్తుల అపార్టుమెంటు అడ్డం, దాని వెనక హారిక ఫ్రెండు ఇల్లు. లైటు గోడలోంచి పోదు కదా. అందుకని ఆ అపార్టుమెంటు మేడ మీద ఇంకో పిల్లాణ్ణి నిలబెట్టాం, వాడికి మోర్స్ రాదు. రాకపోవడమే మంచిదైంది! ఇటు ఏం కనిపిస్తే అటు అదే కొట్టు, అర్థం నీకనవసరం అని చెప్పాం. అర్థం తెలిసినవాడైతే సగం చూసి మిగతాది ఊహించి పంపేస్తాడు, వీడు చూసిందే పంపాడు. ఫ్రాన్సులో క్లోడ్ షాప్ అనే ఆయన సరిగ్గా ఇలాగే చేశాడు, ఎత్తయిన చోట్ల వరసగా బురుజులు, వాటి మీద చెక్క చేతులు, ఒక్కో బురుజులో మనిషి దుర్బిణీతో పక్క బురుజు చేతులు ఎలా ఉన్నాయో చూసి తనవీ అలాగే తిప్పుతాడు, కబురేంటో మధ్యవాళ్ళకి తెలియదు. 1794లో పారిస్ నుంచి లీల్ ఊరి దాకా ఆ వరస వేశారు. మంచు పడితే బంద్, రాత్రయితే బంద్, అదీ దాని ఇబ్బంది.

కరెంటు తీగ వచ్చాక మంచు గొడవ పోయింది గానీ దూరం గొడవ పోలేదు, తీగ పొడుగు పెరిగేకొద్దీ కరెంటు నీరసపడిపోతుంది. అక్కడ కూడా మన అపార్టుమెంటు పిల్లాడి లాంటిదాన్నే పెట్టారు, రిలే అంటారు. నీరసంగా వచ్చిన కరెంటు చిన్న ఇనుప ముక్కని అయస్కాంతంతో టక్కున లాగుతుంది, ఆ ముక్క తగిలి పక్కనున్న కొత్త బ్యాటరీ కలుస్తుంది, అక్కడినుంచి మళ్ళీ బలంగా మొదలు. మన దేశంలో మొదటి తీగ 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బర్‌కి వేశారు, ఓషానెస్సీ అనే డాక్టరు దాని వెనక. మా తాతల కాలంలో టెలిగ్రాం అంటే వణుకు, ఫాదర్ సీరియస్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ అని నాలుగు మాటలు, మాటకింత అని డబ్బులు కాబట్టి ఎవరూ ఐదో మాట రాసేవాళ్ళు కాదు. 2013 జులై 14తో ఆ సర్వీసే ఆగిపోయింది. తీగ కూడా అక్కర్లేదని 1901లో మార్కోని అట్లాంటిక్ మహాసముద్రం అవతలికి రేడియోలో పంపింది ఏంటో తెలుసా, నగణం. ఎస్ ఒక్కటే, మూడు చుక్కలు.

మరి ఫోన్లో ఇవన్నీ లేవు కదా అమ్మా అని పండు. ఉన్నాయి రా. నువ్వు ఫోన్లో క అని నొక్కితే అది 3093 అనే అంకె అయిపోతుంది, ఖ 3094, గ 3095, వర్ణమాల వరసలోనే, ప్రపంచమంతా ముందే ఒప్పుకుని పెట్టుకున్న పట్టిక, మొన్న మీరు పెట్టుకున్నట్టే. ఆ అంకె సున్నాలు ఒకట్లుగా మారి మన వీధిలో రోడ్డు తవ్వి వేశారే ఆ కేబుల్లో గాజు తీగ లోపల వెలుగు వెలిగి ఆరి వెలిగి ఆరి వెళ్తుంది. టార్చిలైటే. కాకపోతే చాలా చాలా తొందరగా.

సెలవులు అయిపోవస్తున్నాయి. నిన్న రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే కిటికీలోంచి అన్నయ్య వాళ్ళ మేడ మీద లైటు కనిపించింది. హారిక. చెయ్యి తుడుచుకుని లెక్కపెట్టా. భ. ఆగింది. మ. ఆగింది. న. ఆగింది. లగం. తర్వాత చీకటి. పక్కనుంచి పండు ఎగురుతున్నాడు, వాడి పన్నాగమే అయ్యుంటుంది, రేపు పొద్దున ఇద్దరూ ఇక్కడే తింటారంట.

పిండి రుబ్బలేదు. వంటింటి లైటు స్విచ్చి మీద వేలు పెట్టి నెమ్మదిగా కొట్టా, గలం, మగణం.